దిగని డైవుకీ లాగ్‌బుక్‌లో ఒక పేజీ కావాలి

పోయిన నెల మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, నెల్లూరులో పెళ్లికని శాన్‌హోసే నుంచి వచ్చాడు. పెళ్లయ్యాక అండమాన్ వెళ్లి, ట్యాంకు కట్టుకుని సముద్రం లోపలికి దిగే స్కూబా డైవులు నాలుగు చేద్దామని ప్లాన్. మధ్యలో రెండు రోజులు చెన్నైలో, తిరువాన్మియూరులో మా ఇంట్లో ఉన్నాడు. చేసిన ప్రతి డైవూ నంబరు వేసి రాసుకునే లాగ్‌బుక్ వెంట తెచ్చుకున్నాడు, తను ఇప్పటికీ కాగితం మీదే రాస్తాడు. వేరే డైవర్ల లాగ్‌బుక్‌లు చదవడం నాకు చాలా ఇష్టం. ఎవరు ఏం చూశారు, ఎంత గాలి మిగిల్చుకుని పైకొచ్చారు, ఏ పేజీ తడి చేత్తో రాశారు, అన్నీ తెలిసిపోతాయి. భోజనాలయ్యాక ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని తిరగేస్తుంటే మధ్యలో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను.

నంబరు వేయాల్సిన చోట అడ్డగీత. స్థలం: మొనాస్టరీ బీచ్, కార్మెల్. సమయం: ఉదయం 7:10. లోతు దగ్గర గీత, నిమిషాల దగ్గర గీత. కింద మాత్రం పేజీ నిండా రాసి ఉంది. నలభై నిమిషాలు ఒడ్డున నిలబడి చూశారట. పెద్ద కెరటాలు ఎన్నిసార్లు గుంపుగా వచ్చాయి, గుంపుకి ఎన్ని, గుంపుకీ గుంపుకీ మధ్య ఎన్ని నిమిషాలు, నురగ ఒడ్డు మీద ఎక్కడిదాకా ఎగబాకింది, అంతా ఉంది. చివర్లో రెండే ముక్కలు: నాకు దిగాలని ఉంది, బడ్డీ వద్దన్నాడు. దాని కింద ఆ బడ్డీ, అంటే నీళ్లలో తనకి జతగా దిగేవాడి, సంతకం.

"ఇదేంటన్నయ్యా, దిగని డైవుకి సంతకమేంటి?" అన్నాను.

"వాడు వద్దన్నాడని వాడి చేతే సంతకం పెట్టించి దాచుకున్నా. ఇంకోసారి వాడికి వద్దనడానికి నోరు వస్తుంది" అన్నాడు, చాలా మామూలుగా.

మొనాస్టరీ బీచ్ కాలిఫోర్నియాలో కార్మెల్ ఊరికి దక్షిణాన, హైవే పక్కనే ఉంటుంది. రోడ్డుకి అవతల సన్యాసినుల మఠం ఉంది కాబట్టి ఆ పేరు. అక్కడి డైవర్లు దాన్నే మార్చురీ బీచ్ అని కూడా అంటారు. సముద్రగర్భంలోని లోయ ఒడ్డుకి దగ్గరగా వచ్చేయడంతో నేల ఒక్కసారిగా పల్లమైపోతుంది, ఇసుక ముతకగా ఉండి కాలు నిలవదు, దూరం నుంచి వచ్చిన కెరటం లోతు తగ్గి మెల్లబడే వీల్లేక వచ్చిన జోరుతోనే ఒడ్డున విరుచుకుపడుతుంది. అక్కడ బయటికి రావడానికి నేర్పే పద్ధతేంటంటే, నిలబడే ప్రయత్నమే చేయకుండా నోట్లో గాలి పీల్చుకునే రెగ్యులేటర్ ఉంచుకుని చేతులూ మోకాళ్ల మీద పాక్కుంటూ రావడం. శాన్‌హోసే నుంచి అన్నయ్యకి గంటన్నర దూరం. తెల్లారకుండా లేచి, సామానంతా కారులో వేసుకుని, అంత దూరం వెళ్లి, చూసి వచ్చేశారు. ఆ రాకకి ఒక పేజీ ఇచ్చారు.

ఆ రాత్రి నా లాగ్‌బుక్ తీసి చూసుకున్నాను. అలాంటి పేజీ నా దగ్గరా ఒకటి ఉండాల్సింది. దాని బదులు ఆ తారీఖున డైవ్ నంబర్ 41 అని ఉంది. 4 మీటర్ల లోతు, 11 నిమిషాలు.

మార్చి చివరి ఆదివారం

మూడేళ్ల కిందటి మాట. నలుగురం చెన్నై నుంచి బయల్దేరాం. అందరం తెలుగువాళ్లమే, ఆదివారాలు పొద్దున్నే ఎలియట్స్ బీచ్‌లో కలుసుకుని పరిచయమైనవాళ్లం. మాలో పెద్దాయన్ని మాష్టారు అంటాం, బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, యాభై దాటాక డైవింగ్ పట్టుకుంది ఆయన్ని, అప్పటికే 200 పైన డైవులు. గూడూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తమ్ముడొకడు. షోళింగనల్లూరులో ఉద్యోగం చేసే రాజమండ్రి అమ్మాయి ఒకతి, మాకందరికీ చెల్లి లెక్క. ఆ అమ్మాయికి అప్పటికి తొమ్మిదే డైవులు, తొమ్మిదీ పడవ మీంచి దిగినవే.

చెన్నైలో ఒడ్డు నుంచి డైవ్ చేయాలంటే కష్టం. మెరీనా నుంచి కోవళం దాకా దాదాపు ఇసుకే, అలలు ఇసుకని ఎప్పుడూ కలుపుతూనే ఉంటాయి, చెయ్యి చాపితే వేళ్లు కనబడని రోజులే ఎక్కువ. ఉత్తరాంధ్ర అలా కాదు, అక్కడ తూర్పు కనుమల కొండలు సముద్రం దాకా వచ్చి ఆగుతాయి, రాళ్లున్నాయి, రాళ్ల సందుల్లో బతికే జీవాలున్నాయి. చోటు పేరు చెప్పను, చెబితే ఎవరో ఒకరు ఇది చదివి అక్కడికే వెళతారు. విశాఖ నుంచి రుషికొండ, మంగమారిపేట శిలాతోరణం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి అన్నీ దాటాక, తారురోడ్డు వదిలి జీడిమామిడి తోటలోంచి, ఆపైన సరుగుడు తోపులోంచి మట్టిదారిలో వెళ్లాలి. చివరి అరకిలోమీటరు బండి వెళ్లదు. ఫోన్ సిగ్నల్ ఉండదు. నిండు ట్యాంకు 16 కిలోల పైనే, మిగతా సామాను, నడుముకి కట్టే సీసం బరువులు కలిపితే మనిషికి 25 కిలోలు దాటుతుంది, అదంతా ఎండలో, ఇసుకలో, తర్వాత రాళ్ల మీద మోసుకుపోవాలి. ఈ మోత గురించి ప్రత్యేకంగా చెబుతున్నానంటే కారణముంది. అంత మోసుకొచ్చి ఒడ్డున దింపాక, మళ్లీ ఎత్తుకుని వెనక్కి నడవాలన్న ఆలోచనే ఒంటికి పట్టదు. నిర్ణయం తీసుకోవాల్సిన బుర్ర అప్పటికే భుజాల మాట వింటూ ఉంటుంది.

ఒడ్డున పడవలు వరసగా ఇసుక మీదే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. అది ఇంకో రెండు వారాల్లో మొదలవుతుందనగా ఏ మత్స్యకారుడూ చేతిలో ఉన్న రోజుని ఊరికే వదులుకోడు. అయినా ఒక్క పడవా నీళ్లలో లేదు. మేం నలుగురం వాటిని చూశాం. "ఆదివారం కదా" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే, బాగా గుర్తుంది.

వల బాగుచేసుకుంటున్న ఒకాయన మా సామాను చూసి తల పైకెత్తాడు. "ఏటమ్మా, ఇయ్యేల దిగుతారేటి? సంద్రం బాగునేదు" అన్నాడు. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. నేను నవ్వి, జాగ్రత్తగా ఉంటాంలే బాబాయ్ అన్నాను. ఆయన మళ్లీ వల మీదికి వంగిపోయాడు, రెండోసారి చెప్పలేదు.

తర్వాత నేను మావాళ్ల వైపు తిరిగి అడిగాను, "అందరికీ ఓకేనా?" అని. ఓకే, ఓకే, ఓకే అన్నారు.

దిగడం బాగానే దిగాం. రెండు బండల మధ్య ఎద్దుల బండి పట్టేంత ఇసుక సందు, అందులోంచి నడుము లోతుకి వెళ్లి, కాళ్లకి ఫిన్స్ తొడుక్కుని, అల వెనక్కి లాగేటప్పుడు దాంతోపాటే జారిపోయాం. లోపల ఏమీ కనబడలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి, ముందుకీ వెనక్కీ రెండేసి మీటర్లు ఊగిపోతున్నాం, ఇసుక కళ్ల ముందు పొగలా తిరుగుతోంది. కాసేపటికే మాష్టారు బొటనవేలు పైకి చూపించారు, పైకి వెళదామని, డైవ్ అయిపోయింది. పైకి వచ్చి చూస్తే మేం దిగిన సందు మాకు ఎడమ పక్కకి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో మన తీరం వెంట ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి ఉంటుంది, అది మమ్మల్ని భీమిలికి ఇంకా దూరంగా తోసేసింది. ఈదుకుంటూ సందు దగ్గరికి వచ్చి, ముగ్గురం లోపలికి వచ్చేశాం, చెల్లి ఇంకా నాలుగు బారల వెనకుంది, అప్పుడు వచ్చింది పెద్ద కెరటాల గుంపు. మొదటి కెరటం ఆ అమ్మాయిని ఎత్తి బండ మీద పెట్టింది. నిజంగా పెట్టినట్టే ఉంది, మెత్తగా. నీళ్లు వెనక్కి వెళ్లేటప్పుడు మాత్రం ట్యాంకు బరువుతో సహా బండ మీంచి కిందికి ఈడ్చింది. ఆ బండ నిండా బ్లేడుల్లాంటి గుల్లలు. పట్టుకోవడానికి చెయ్యి వేసింది కాబట్టి చెయ్యి తెగింది. రెండో కెరటం రాకముందే తమ్ముడు వెళ్లి ట్యాంకు వాల్వు పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

అరచేతికి ఏడు కుట్లు. ఒక ఫిన్, మాస్కు పోయాయి. అంతకంటే ఏమీ కాలేదు. వలాయన తన తువ్వాలు చింపి కట్టు కట్టాడు. ముందే చెప్పాను కదా అని ఒక్క మాట కూడా అనలేదు.

ఓకేనా అని అడిగితే ఓకే అనే అంటారు

తిరుగు రైల్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఒంగోలు దాటాక మాష్టారు మెల్లగా అన్నారు, "పడవలు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చిందమ్మా. మీరంతా సెలవులు పెట్టుకుని ఇంత దూరం వచ్చారు, పెద్దవాణ్ని నేనే వద్దంటే ఏం బావుంటుందని ఊరుకున్నాను." తమ్ముడన్నాడు, మాష్టారే ఏమీ అననప్పుడు నేనేం అంటాను అని. చెల్లి కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "నాకు భయమేసింది అక్కా, కానీ అందర్లో కొత్తదాన్ని నేనే, నా వల్ల మీ ట్రిప్ పాడవుతుందని" అంది. ఇక నేను. టికెట్లు తీసింది, ట్యాంకులకి అడ్వాన్స్ కట్టింది, నెల రోజులుగా అందరినీ ఊదరగొట్టింది నేను. నాకూ లోపల పీకుతూనే ఉంది, అందుకే అడిగాను ఓకేనా అని.

అంటే నలుగురిలో ఒక్కరికీ దిగాలని లేదు. నలుగురం దిగాం.

దీనికి మన భాషలో మంచి మాటే ఉంది, మొహమాటం. పెళ్లిలో ఇంకొక్క బూరె వడ్డిస్తే వద్దనలేకపోవడం కూడా అదే, కానీ అక్కడ పోయేదేమీ లేదు. డైవింగ్ కోర్సులో మొదటి రోజే చెబుతారు, ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా డైవ్ ఆపేయొచ్చు, ఎవరూ ఎదురు ప్రశ్న వేయకూడదు అని. మంచి నియమం. నీళ్లలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా. ఆ రోజు మాష్టారు బొటనవేలు చూపించగానే ముగ్గురం మారు మాట లేకుండా పైకి వచ్చేశాం. నీళ్లలో మారు మాట్లాడటానికి నోరుండదు, అదీ కారణం! నోట్లో రెగ్యులేటర్ ఉంటుంది, చెయ్యి ఒక్కటే మాట్లాడుతుంది, చెయ్యికి మొహమాటం లేదు. ఒడ్డు మీద మళ్లీ నోరొస్తుంది, నోటితోపాటు వయసు, అనుభవం, ఎవరు ఎంత ఖర్చుపెట్టారు, ఎవరు ఏమనుకుంటారు, అన్నీ వచ్చేస్తాయి. పడవ డైవులో అయితే పడవ నడిపేవాళ్లు, డైవ్ నడిపించే డైవ్‌మాస్టర్ ఎవరో ఒకరు నిర్ణయం చేసేస్తారు, మన మీద పడదు. నిర్మానుష్యమైన రాళ్ల ఒడ్డున ఆ నిర్ణయం పూర్తిగా మనదే, పైగా అక్కడ తప్పయితే ఆదుకునేవాళ్లు తక్కువ.

కాబట్టి నా వాదన ఇది. వద్దనడం తప్పు కాదని బోధిస్తే చాలదు, బోధ మాకందరికీ అందింది, సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. వద్దన్న రోజుకి ఒక విలువ, ఒక రూపం, దాచుకునే చోటు ఉండాలి. డైవర్ దగ్గర అలాంటిది ఒకటే ఉంది, లాగ్‌బుక్. అందులో దిగిన రోజులు మాత్రమే ఉన్నంతకాలం దిగని రోజు అంటే వృథా అయిన రోజే. నా 41వ డైవ్ చూడండి, చేసిన డైవులన్నిట్లోకీ అతి తెలివితక్కువ డైవ్ అది, దానికి దర్జాగా నంబరుంది.

ఆ పేజీలో ఏం రాయాలి

ఎందుకు దిగలేదు అన్నది రాయాలంటే సముద్రాన్ని చూడక తప్పదు, నాకు ఈ ఆలోచనలో అన్నిటికంటే నచ్చింది అదే. భయమేసింది అని ఒక్క ముక్క రాసి మూసేయొచ్చు, అదీ సరే. కానీ ఎదురుగా కాలమ్స్ ఖాళీగా కనబడుతుంటే మనిషి లెక్కపెట్టడం మొదలుపెడతాడు.

ఆ మార్చి ఆదివారం మేం నిలబడి చూసింది అయిదు నిమిషాలు కూడా కాదు. గాలి లేదు కాబట్టి సముద్రం బాగుందనుకున్నాం. ఒడ్డుకొచ్చే కెరటం అక్కడి గాలికే పుట్టాలని లేదు. వేల కిలోమీటర్ల అవతల దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను గాలులు వీస్తే పుట్టిన కెరటాలు రోజుల తరబడి ప్రయాణం చేసి, ఎండ కాస్తున్న మన ఒడ్డుకి వస్తాయి. దూరం నుంచి వచ్చేవాటి మధ్య ఎడం ఎక్కువ, ఒక్కోదాంట్లో మోసుకొచ్చే నీళ్లు ఎక్కువ, పైకి మాత్రం నున్నగా కనబడతాయి. పైగా గుంపులుగా వస్తాయి, పది పదిహేను నిమిషాలు ఏమీ ఉండదు, తర్వాత నాలుగైదు వరసగా వచ్చిపడతాయి. ఎత్తు రెట్టింపైతే అందులో శక్తి నాలుగు రెట్లు. అయిదు నిమిషాలు చూసినవాడికి ఆ ఖాళీ మాత్రమే కనబడే అవకాశం ఎక్కువ. కేరళవాళ్లు ఇలా చెప్పకుండా వచ్చి ఒడ్డుని ముంచేదాన్ని కళ్లక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రం. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో అయిదుగురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయింది అలాంటి కెరటాలకే. సముద్రం సమాచారం ఇచ్చే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అంతకుముందే హెచ్చరిక ఇచ్చింది. కెరటం ఎత్తు ఎంత, రెండు కెరటాల మధ్య ఎన్ని సెకన్లు అన్నది వాళ్లు రోజూ ఇస్తారు, ఉచితంగా, ఫోన్లో చూసుకోవచ్చు. మేం చూడలేదు. చూసి రాయాల్సిన గడి ఒకటి ఎదురుగా ఉంటే చూసేవాళ్లమేమో.

ఇంకొకటి, ఎగ్జిట్. రాళ్ల ఒడ్డున దిగడం ఎవరైనా దిగుతారు, అల తనే లోపలికి లాక్కుంటుంది. ఎక్కడమే కష్టం, అప్పటికి అలిసిపోయి ఉంటాం, గాలి తగ్గి ఉంటుంది, కెరటం వెనకనుంచి వస్తుంది కాబట్టి కనబడదు. ఎక్కడ ఎక్కుతాం, అది కుదరకపోతే రెండో చోటు ఏది అన్నది ఒడ్డు మీద ఉండగానే చేత్తో చూపించలేకపోతే అక్కడికి అది దిగని డైవే. మా పేజీలో మొదటి గడి ఇదే ఉండాలని నేను పట్టుబట్టాను.

ఎలియట్స్ బీచ్‌లో జరిగిన వాదన

అన్నయ్య పేజీ ఫొటో తీసుకుని ఆ ఆదివారం మావాళ్లకి చూపించాను. ష్మిట్ స్మారకం నీడలో కూర్చున్నాం. 1930 డిసెంబరు 30న ఇక్కడికి దగ్గర్లోనే ఇతరుల్ని కాపాడబోయి మునిగిపోయిన మనిషి జ్ఞాపకంగా కట్టారు దాన్ని, ఎన్నో ఏళ్లుగా దాని పక్కనే చెప్పులు విడిచి ఈతకి వెళుతున్నాం.

మాష్టారు ముందు ఒప్పుకోలేదు. ఆయన మాట తేలిగ్గా తీసేయలేను, ఆయన నాకంటే చాలా చూశారు. "నంబరు అంటే నంబరేనమ్మా. డైవింగ్ సర్టిఫికెట్లిచ్చే పాడీ వాళ్ల డైవ్‌మాస్టర్ కోర్సులో చేరాలంటే 40 డైవులు, పూర్తవ్వాలంటే 60 ఉండాలి. ఒడ్డున నిలబడి చూసినవన్నీ లెక్కేసుకుంటే రేపు కొత్తవాళ్ల ప్రాణాలు ఎవరి చేతిలో పెడతాం?" అన్నారు. నేను మొదట ఈ పేజీకి కూడా నంబరుండాలనే పట్టుదలతో ఉన్నాను. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు, మార్చుకున్నాను. నంబరు వద్దు, అన్నయ్య వేసినట్టు గీత చాలు, కానీ పేజీ మాత్రం వరసలోనే ఉండాలి, వెనక అట్ట దగ్గర కాదు. 62కీ 63కీ మధ్య ఉంటే పుస్తకం తిరగేసిన ప్రతిసారీ కనబడుతుంది.

తమ్ముడిది వేరే బాధ. వాడు కాగితం ముట్టుకోడు, అంతా డైవ్ కంప్యూటర్ నుంచి ఫోన్‌కి వెళ్లిపోతుంది. కంప్యూటర్‌కి మీటరు లోతు అటూ ఇటూ దాటితేనే డైవ్ మొదలైనట్టు, ఒడ్డున గంటసేపు నిలబడ్డా దాని లెక్కలో ఏమీ జరగలేదు. వాడు చెబుతున్నప్పుడు నాకు తట్టింది, మా లెక్కలో కూడా ఏమీ జరగనట్టే అనుకోవడానికి ఇదీ ఒక కారణమని. ఇప్పుడు వాడు ఫోన్‌లో వేరే నోట్ పెట్టుకున్నాడు. అది నాకు పూర్తిగా నచ్చలేదు, ఏమీ లేకపోవడం కంటే నయం.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాష్టారి రెండో ప్రశ్న. ప్రతిసారీ వద్దనేవాళ్లు ఉంటారు, భయం అలవాటైపోతుంది, దానికి పేజీ కూడా ఇచ్చి గౌరవిస్తే వాళ్లు ఎప్పటికి నేర్చుకుంటారు అని. నిజమే. పదిసార్లు వెళ్లి పదిసార్లూ దిగకపోతే అది సముద్రం తప్పు కాదు. అయితే అది తెలిసేదెలా? రాసి ఉంటేనే తెలుస్తుంది. పదిసార్లూ చెవుల దగ్గరే ఆగిపోతుంటే చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం సరిగ్గా రాలేదని, స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లి నేర్చుకోవాలని అర్థమవుతుంది. రాయకపోతే ప్రతిసారీ కొత్త సాకులాగే ఉంటుంది. ఈ జవాబు మాష్టారికి సగమే నచ్చింది, నాకూ ముప్పావు వంతే నచ్చింది. భయానికీ వివేకానికీ మధ్య గీత ఎక్కడుందో ఇప్పటికీ నాకు గట్టిగా చెప్పడం రాదు.

చెల్లి ఇంకో అనుమానం లేపింది. రేపు ఇదే ఒక గొప్ప అయిపోతే? మేం దిగకుండా వచ్చేశాం చూడండి అని ఫొటోలు పెట్టుకోవడం మొదలైతే? అవ్వొచ్చు. అందుకే పేజీ పుస్తకంలోనే ఉండాలి, బడ్డీ తప్ప ఎవరూ చూడక్కర్లేదు.

విమానం నడిపేవాళ్ల సంగతి కూడా మాటల్లో వచ్చింది. ల్యాండింగ్ కుదరట్లేదనిపిస్తే పైలట్ మళ్లీ పైకి లేపేస్తాడు, గో అరౌండ్ అంటారు, అలా చేసినందుకు పైలట్‌ని తప్పుపట్టకూడదన్న నియమం చాలా ఎయిర్‌లైన్స్ పెట్టుకున్నాయి. వందల మంది ప్రాణాలు మోసేవాళ్లకే వెనక్కి తగ్గడానికి ఇలా రాతపూర్వకంగా భరోసా ఇవ్వాల్సి వచ్చిందంటే, సెలవు పెట్టుకుని వెళ్లిన మనలాంటివాళ్లకి అది ఎంత అవసరమో ఆలోచించండి.

డబ్బు సంగతి వదిలేస్తే వాదన అబద్ధమవుతుంది. మనం దిగకపోతే ట్యాంకులు అద్దెకిచ్చేవాళ్లకి, సామాను మోసే కుర్రాళ్లకి ఆ రోజు కూలి పోతుంది. అందుకే వాళ్లు కూడా ఏం పర్లేదు మేడం అంటారు, అనక చస్తారా, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. వాళ్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు. దీనికి ఒక్కటే దారి కనబడింది, దిగినా దిగకపోయినా పూర్తి డబ్బు ఇస్తామని ముందు రోజే చెప్పేయడం. సగం కాదు, పూర్తిగా. ఆ మాట చెప్పాక వాళ్లు సముద్రం గురించి నిజం మాట్లాడటం నేను కళ్లారా చూశాను. "ఇలా ముందే చెప్పేవాళ్లు లేరు మేడం, అయితే రేపు పొద్దున్న ఏడు లోపే రండి, తర్వాత లాగుడు ఎక్కువవుతుంది" అన్నాడు ఒక కుర్రాడు.

నాలుగు పలకలు

పోయిన వారం అదే చోటికి మళ్లీ వెళ్లాం, అదే నలుగురం. ఇన్‌కాయిస్ చూసుకున్నాం, అంకెలు బాగున్నాయి. ఆరున్నరకల్లా ఒడ్డున ఉన్నాం. ఈసారి పడవలు కొన్ని అప్పటికే నీళ్లలో ఉన్నాయి. వలాయన కనబడలేదు, వాళ్ల అబ్బాయి ఉన్నాడు, దిగొచ్చు అన్నాడు. సామాను దింపి, ఎవరూ ఏమీ మాట్లాడకూడదని ముందే అనుకుని, ఇరవై అయిదు నిమిషాలు చూశాం. నేను కెరటాల గుంపులు రెండు లెక్కపెట్టాను, రెండూ చిన్నవే.

తర్వాత నలుగురం ఒకరికొకరు వీపులు తిప్పి, డైవింగ్ పలకల మీద పెన్సిల్‌తో రాశాం. నీళ్ల కింద రాసుకోవడానికి వాడే తెల్ల పలకలు, చిన్నప్పటి బలపం పలక అంతే ఉంటాయి. కింద చెయ్యి ఎలా మాట్లాడుతుందో ఒడ్డు మీద కూడా చెయ్యే మాట్లాడాలన్నది దీని వెనక ఆలోచన. ఒకటి, రెండు, మూడు అని అందరం ఒకేసారి తిప్పాం. దిగుదాం, దిగుదాం, దిగుదాం. చెల్లి పలక మీద, వద్దు.

ఎవరం ఏమీ అడగలేదు. చెప్పాలంటే నాకు గొంతుదాకా వచ్చింది, ఎందుకురా అని. 800 కిలోమీటర్లు, నిర్మలమైన సముద్రం, ఇన్నేళ్లకి కుదిరిన రోజు. మాష్టారు వంగి సీసం బరువుల బెల్టు విప్పడం మొదలుపెట్టారు, ఆయన్ని చూసి తమ్ముడు, తర్వాత నేను. ట్యాంకులు మళ్లీ భుజాలకెత్తుకుని సరుగుడు తోపులోంచి నడిచాం.

సముద్రం ఆ రోజంతా అలాగే ఉంది. మధ్యాహ్నం భీమిలి వంతెన మీంచి చూశాను, గోస్తనీ మొగ దగ్గర పిల్లలు ఈత కొడుతున్నారు. దిగి ఉంటే చక్కటి డైవ్ అయ్యేది, బహుశా నా జీవితంలో చూసిన వాటిల్లో మంచిది. ఇది దాచడం నాకిష్టం లేదు. వద్దన్న ప్రతిసారీ ప్రమాదం తప్పినట్టు రుజువేమీ దొరకదు, చాలాసార్లు పోగొట్టుకున్నట్టే ఉంటుంది. నా మనసు ఆ సాయంత్రం దాకా చివుక్కుమంటూనే ఉంది.

చెల్లి టీకొట్టు బల్ల మీద లాగ్‌బుక్ తెరిచి, కుట్ల మచ్చ ఉన్న చేత్తోనే రాసింది. తారీఖు, సమయం, అల ఎత్తు, సెకన్లు, చూసిన నిమిషాలు. ఎగ్జిట్ గడిలో: మొదటిది కనబడుతోంది, రెండోది నాకు కనబడలేదు. నంబరు దగ్గర గీత. పుస్తకం మాష్టారి వైపు తిప్పి, పెన్ను ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఒక గడి ఖాళీగా ఉంది చూడు అని వేలుపెట్టి చూపించారు. ట్యాంకులో గాలి ఒత్తిడి రాయడం మర్చిపోయింది.

మొదట్లో 200 బార్, చివర్లో 200 బార్ అని రాసింది. ఆయన సంతకం పెట్టారు.